మూడు వందల పన్నెండు పంక్తులు

పోయిన వారం మనం సారంగపాణిని ఎనుమాముల మార్కెట్ గేటు ముందు, స్కూటరు దిగీ దిగకుండా, ఒక కాలు నేలమీద మోపిన స్థితిలో వదిలి వచ్చాం. ఆ కాలు ఇంకా అక్కడే ఉంది. వెనక నుంచి మిర్చి బస్తాల ట్రాక్టరు హారన్ మోగించకపోతే ఆయన ఇంటికి తిరిగి వెళ్లిపోయేవాడే. కానీ బండి వెనక్కి తిప్పుకోవడానికి చోటు లేక, ముందుకే వెళ్లాడు. ఆయన జీవితంలోని సాహసాలు చాలామటుకు ఇలా జరిగినవే.

కొత్తగా కథలోకి వచ్చినవారి కోసం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. నలభై ఏడేళ్ల సారంగపాణి ఒకప్పుడు హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జి. ఆ కాలేజీ మూతబడ్డాక సుబేదారిలో రెండు గదుల అద్దె ఇంట్లో, పుస్తకాల నడుమ, ఒంటరిగా ఉంటూ చిన్న బడులకూ ఆఫీసులకూ కంప్యూటర్ల కనెక్షన్లు చూసిపెడుతున్నాడు. ఆయనకు సంతానమని చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది. దాని పేరు 'పలకరింపు'. లినక్స్ మీద నడిచే చిన్న సాఫ్ట్‌వేర్. ఒక బడిలోనో ఆఫీసులోనో ఒకదానితో ఒకటి కలిపిన కంప్యూటర్లన్నిటినీ అది కొన్ని నిమిషాలకొకసారి వరసగా 'ఉన్నావా?' అని అడుగుతుంది. పలికినదాని ఎదుట పచ్చచుక్క పెడుతుంది. పలకనిదాన్ని విడిగా చూపిస్తుంది. ఎక్కడ తీగ ఊడిందో, ఏ చిరునామా పొరపాటున రెండు మిషన్లకు పడి రెండూ కొట్లాడుకుంటున్నాయో చెబుతుంది. అంతే. పెద్ద కంపెనీలు చేసే సరుకు పక్కన ఇది పెరట్లో కరివేపాకు మొక్క లాంటిది. అయినా జిల్లాలో ముప్పై బడులు ఆ మొక్క మీదే వంట వండుకుంటున్నాయి.

ఆ మొక్కను ప్యాకేజీగా కట్టి, ప్రపంచంలో ఎవరైనా ఒక్క ఆజ్ఞతో తెచ్చుకోగలిగే లినక్స్ భాండాగారంలోకి పంపాలన్నది ఆయన సంకల్పం. ప్యాకేజీ కట్టడమంటే మూట కట్టడం కాదు. లోపల ఏముంది, అది వేటి ఆసరాతో నడుస్తుంది, ఎవరు రాశారు, చెడిపోతే ఎవరు బాధ్యులు, దాన్ని ఎవరు ఏ షరతుల మీద వాడుకోవచ్చు, ఇవన్నీ విడివిడి పత్రాల్లో ఒక్క చుక్క తేడా లేకుండా రాయాలి. నాలుగు నెలలు కూర్చుని రాశాడు. ఎక్కడో చలిదేశంలో కూర్చున్న పరిశీలకుడు మూడు వాక్యాల్లో తిప్పి పంపాడు. 'ఈ ఒక్క ఫైలులోని మూడు వందల పన్నెండు పంక్తులు మీవి కావని మీ రికార్డులే చెబుతున్నాయి. వాటిని రాసినవారి అనుమతి జతచేయండి, లేదా ఆ భాగం మీరే కొత్తగా రాయండి. పదకొండు రోజులకు ఈ విడత తలుపులు మూస్తాం. తిరిగి తెరిచేది రెండేళ్లకు.'

ఏ పంక్తి ఎవరి లాగిన్‌తో చేరిందో రాసిపెట్టుకునే ఆ రికార్డులు చెబుతున్న పేరు స్నేహలత.

ఆమె ఆ కాలేజీలో మూడేళ్లు గెస్ట్ లెక్చరర్‌గా పాఠం చెప్పింది. పన్నెండేళ్ల కిందట తండ్రికి పక్షవాతం వస్తే ఉద్యోగం వదిలి, ఎనుమాములలో రైతుల సరుకు అమ్మిపెట్టే వాళ్ల మిర్చి అడ్తి దుకాణంలో కూర్చుంది. సుబేదారి నుంచి ఎనుమాములకు ఏడెనిమిది కిలోమీటర్లు. ఈ పన్నెండేళ్లలో ఆ దూరాన్ని సారంగపాణి ఒక్కసారి కూడా దాటలేదు. దాటవలసిన అవసరం రాలేదని ఆయన తనకు తాను చెప్పుకునేవాడు. అవసరం లేకుండా మనిషి మనిషి దగ్గరికి వెళ్లవచ్చునన్న సంగతి ఆయన చదివిన పుస్తకాల్లో ఉండే ఉంటుంది. కానీ దాన్ని తనకు వర్తింపజేసుకోలేదు.

వెళ్లకపోయినా ఆమె ఆయన ఇంట్లోనే ఉంది, ఆ మూడు వందల పన్నెండు పంక్తుల్లో. ప్రోగ్రాం రాసేవాళ్లు యంత్రానికి అక్కరలేని, మనుషులకు మాత్రమే పనికివచ్చే మాటలు పంక్తుల మధ్య రాసిపెడతారు. వాటిని కామెంట్లు అంటారు. ఆ ఫైలులోని కామెంట్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన వరంగల్ తెలుగు. 'ఈడ తొందర పడొద్దు' అని ఒకచోట. 'మూడుసార్లు అడుగు, మూడోసారి జర ఎక్కువసేపు ఆగు' అని ఇంకోచోట. ఫైలు నడుమ, అన్నిటికంటే పొడుగైనది: 'జవాబు రాలేదని మిషన్ సచ్చిపోయిందనుకోవద్దు. తొవ్వ పాడైందేమో.'

ఎన్ని సాయంత్రాలు ఆ ఫైలు తెరిచాడో లెక్క లేదు. బాగుచేయడానికి అందులో ఏమీ లేదు. తెరిచి, చదివి, మూసేసేవాడు.

*

అడ్తి దుకాణం కనుక్కోవడం కష్టం కాలేదు గానీ లోపలికి వెళ్లడం కుదరలేదు. జెండా పాట జరుగుతోంది. రోజూ యార్డులో మొదట ఒక మేలైన రాశి దగ్గర జెండా పాతి, వ్యాపారులందరూ చుట్టూ చేరి దాని ధర పాడతారు. ఆ రోజుకు మిర్చి ధరకు అదే కొలమానం. పాట ముగిసేదాకా అడ్తిదారులెవరూ వేరే మాట వినరు. సారంగపాణి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, షెడ్డు నీడలో ఒక పక్కగా నిలబడ్డాడు. కనుచూపు మేర ఎర్రటి రాశులు. గాలిలోనే కారం. వచ్చిన అయిదు నిమిషాలకే ఆయనకు తుమ్ములు మొదలయ్యాయి. ఒకటి, రెండు కాదు, తొమ్మిది.

"సదువుకున్నోని లెక్క ఉన్నవ్, ముక్కుకు దస్తీ కట్టుకొని రావాల్నని తెల్వదా సారూ?"

మాట్లాడింది బస్తాల మీద కాళ్లు జాపుకుని కూర్చున్న రైతు. అరవై దాటిన మనిషి. పేరు మొగిలమ్మ అని, చపాటా మిర్చి పద్దెనిమిది బస్తాలు తెచ్చిందని, తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి ఇక్కడే ఉన్నదని, ఆయన అడగకుండానే చెప్పింది.

"మిర్చి కొనవచ్చినవా?"

"కాదమ్మా. స్నేహలత మేడం గారిని కలవాలని."

"లతమ్మనా? ఏం పని?"

సారంగపాణి నిజాయితీపరుడు. "ఒక అనుమతి పత్రం మీద సంతకం కావాలి."

"భూమిదా?"

"కాదు."

"మరి ఇల్లుదా?"

"అదీ కాదమ్మా. ఆమె ఒకప్పుడు రాసినదాన్ని నేను నలుగురికీ పంచిపెట్టాలనుకుంటున్నాను. దానికి ఆమె ఒప్పుకోవాలి."

మొగిలమ్మ ఆయనను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు, చంకలో ప్లాస్టిక్ ఫైలు. "ఒక ఆడమనిషి రాసినదాన్ని పట్టుకొని గిన్నేండ్లకు వచ్చినవా?" అంది. "సరే తీయి. ఉత్తరమైతే నలుగురికి పంచకు బిడ్డా, మంచిగుండది."

"ఉత్తరం కాదు," అన్నాడు సారంగపాణి. అన్నాక, తన గొంతు ఎందుకంత నెమ్మదించిందో ఆయనకే అర్థం కాలేదు.

*

పాట ముగిసింది. జనం చెదిరారు. స్నేహలత ఫోను చెవికి ఆనించి, ఇంకో చేత్తో ఎవరికో బస్తాలు చూపిస్తూ వచ్చి, ఆయనను దాటి రెండడుగులు ముందుకు పోయి, ఆగింది. వెనక్కి తిరిగింది. ఫోనులోని మనిషితో "మల్ల చేస్త" అని కట్ చేసింది.

"సారంగపాణి సార్."

అడగడం కాదు, హాజరు వేయడంలా పలికింది. జుట్టులో ముందువైపు ఒక పాయ తెల్లబడింది. గొంతు మునుపటికంటే పెద్దదైంది. ఈ షెడ్ల కింద గొంతు పెద్దది కాకపోతే పని జరగదు. సారంగపాణి ఏళ్ల తరబడి మనసులో రాసి కొట్టేసి తిరగరాసుకున్న మొదటి వాక్యం ఆ క్షణానికి తుమ్ముగా బయటికి వచ్చింది.

"లోపల కూసుందాం రాండ్రి. ఈడుంటె మీ ప్రాణం పోతది," అని నవ్వి, అద్దాల తలుపున్న చిన్న గదిలోకి తీసుకుపోయింది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు తండ్రి ఫోటో. ఫోటోకు దండ ఉంది. "నాన్న పోయి అయిదేండ్లాయె. మా ఆయన రాంచందర్ కాంటా కాడ ఉన్నడు, వస్తడు. చాయ్ చెప్పాల్నా?"

"వద్దు మేడం."

"ఇంకా మేడమేనా? ఈడ నన్ను మేడమంటె హమాలీలు నవ్వుతరు."

ఆయన ఫైలు తెరిచి, విషయమంతా వరసక్రమంలో చెప్పాడు. ప్యాకేజీ అంటే ఏమిటో ఆమెకు వివరించబోయి, ఆమె తనకంటే ముందే ఇటువంటివి చదివిన మనిషి అని గుర్తొచ్చి ఆగాడు. పరిశీలకుని మూడు వాక్యాల ప్రతి తీసి ఆమె ముందు పెట్టాడు. స్నేహలత చదివింది. రెండోసారి చదివింది. బల్ల మీద వేలితో కొట్టింది.

"సార్, ఒక్క మాట అడుగుత. ఏమనుకోవద్దు."

"అడగండి."

"ఈయన రెండు తొవ్వలు చూపించిండు. ఒకటి నా పర్మిషన్. రెండోది, మీరే మల్ల రాసుకొనుడు. మిషన్లను పిలుసుడు, జవాబు కోసం ఆగుడు, రాకపోతె మల్ల పిలుసుడు. గిది మీకు రెండు రోజుల పని. ఈయనకు ఎరుకే, నాకెరుకే, మీకైతే ఇంకా మంచిగ ఎరుకే. మరి పదకొండు రోజుల్ల ఒక రోజు ఖరాబు చేసుకొని, గీ కారంల పడి ఎందుకొచ్చిండ్రు?"

సారంగపాణి బల్ల మీది పెన్ను స్టాండులో కలాలను ఒకే వైపుకు సర్దాడు. జవాబు ఆయన దగ్గర ఉంది. అది పన్నెండేళ్లుగా ఉంది. ఒక మనిషి దూరంగా ఉండీ మాట్లాడుతూనే ఉన్నదని నమ్మి, ఆ మాటల మీద ఒక జీవితాన్ని నడుపుకు వచ్చానని, ఆ పంక్తులను చెరిపి తన పంక్తులు రాసుకుంటే గదిలో తానొక్కడే మిగులుతాడని చెప్పాలి. ఆయన చెప్పింది మాత్రం ఇది:

"అందులో మీ పేరు ఉండాలని."

బయట దడ్వాయి, అంటే బస్తాలు తూచే మనిషి, తూకాలు అరిచి చెబుతున్నాడు.

"మొదటి రెండేండ్లు చూసిన సార్," అంది స్నేహలత. "కాలేజోల్లు ఎవరన్న ఇటు దిక్కు వస్తరేమో అని. మీరే అని కాదు. ఎవరైనా సరే. ఎవ్వలు రాలే. తర్వాత సీజన్ మీద సీజన్. మర్చిపోయిన. మర్చిపోవుడు మంచిగనే ఉండె." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండునని సారంగపాణికి అనిపించింది. "సరే, కాయితం తియ్యుండ్రి. సంతకమే కద."

ఆయన అనుమతి పత్రం తీశాడు. దానికి జతచేసిన పన్నెండు పేజీల ప్రింటు కూడా తీశాడు. ఏ పంక్తులకు అనుమతి ఇస్తున్నారో చూడకుండా ఎవరిచేతా సంతకం చేయించడం ఆయన పద్ధతి కాదు. స్నేహలత కలం మూత తీసి, మొదటి పేజీ పైనుంచి కిందికి చూసి నవ్వింది.

"ఇది నాదే. ఈ ఆగమాగం చూస్తెనే తెలుస్తాంది. ఒక్క పేరన్న సరిగ్గ పెట్టిన్నా? ఎక్స్, వై, ఎక్స్ ఒకటి, ఎక్స్ రెండు." పేజీ తిప్పింది. నవ్వు ఆగింది. ఇంకో పేజీ తిప్పింది. తరువాతి పేజీలన్నీ గబగబా తిప్పి, మళ్లీ రెండో పేజీకి వచ్చింది.

"ఇది నేను రాయలే సార్."

"రికార్డులో మీ లాగిన్ ఉంది మేడం. ప్రతి మార్పు కిందా ఉంది."

"ఉంటె ఉండనియ్యుండ్రి. నలభై ఒక్క పంక్తులు నావి. ఈ గీత కాడికి. దీని తర్వాతది నాది కాదు."

"మరిచిపోయి ఉంటారు. పన్నెండేళ్లు..."

"సార్." ఆమె పేజీని ఆయన వైపు తిప్పి, ఒక కామెంటు మీద వేలు పెట్టింది. "నేను కామెంట్లు రాస్తనా? మీరే చెప్పుండ్రి. మూడేండ్లు నా పానం తీసిండ్రు. స్టాఫ్ రూంల అందరి ముందట, 'స్నేహలత గారూ, ప్రోగ్రాం రాసి కామెంట్ రాయకపోవడం, ఇల్లు కట్టి తలుపు పెట్టకపోవడం' అని. ఒక్కటన్న రాసిన్నా?"

రాయలేదు. నిజమే. అందుకే, ఆమె వెళ్లిపోయాక ఆ ఫైలు తెరిచి ఆ కామెంట్లు చూసిన రోజున ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు కూర్చున్నాడు. తాను పోరు పెట్టినందుకు, తాను చదువుతానని తెలిసి, ఎవరికీ చెప్పకుండా ఆమె తలుపులు పెట్టి వెళ్లిందనుకున్నాడు. ఆ అనుకోవడం మీదే మిగతా ఇల్లంతా కట్టుకున్నాడు.

"ఇవన్నీ శనివారాలు రాసినవి," అన్నాడు. "మధ్యాహ్నం ఒంటిగంట, రెండు మధ్య. మీరు భోజనం మానుకుని కూర్చుని రాశారని..."

"శనివారం ఒంటిగంటకా? పన్నెండున్నరకు మా నాన్న స్కూటర్ గేటు కాడ ఉండేది సార్. శనివారం రాశులు ఎక్కువొస్తయని నన్ను తీసుకపోయేటోడు. ఒక్క శనివారం కూడ నేను కాలేజీల అన్నం తినలే."

ఇంత పట్టింపు గల మనిషి, ప్రతి మార్పు తేదీ, వేళ, మిషన్ నంబరు సహా కంఠతా వచ్చిన మనిషి, ఆ స్కూటరును గేటు దగ్గర ఎన్నోసార్లు చూసిన మనిషి, ఆ రెంటినీ ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు. లెక్క తప్పడం వేరు. లెక్క చేయకూడదని ఎక్కడో లోపల నిర్ణయించుకోవడం వేరు. సారంగపాణి కళ్లద్దాలు తీశాడు. ఈసారి తుమ్ములు రాలేదు.

"మరి మీ లాగిన్‌లో ఎవరు?"

స్నేహలత కలం మూత పెట్టింది. "మానస."

ఆ పేరు ఆయన ఎప్పుడూ విన్నట్టు లేదు.

"ఎగ్జామ్ బ్రాంచ్‌ల మార్కులు ఎక్కిచ్చే పిల్ల సార్. ల్యాబ్‌కు ఆనుకొని అద్దం అవతల కూసుండేది. మీరు పాఠం చెప్తాంటె అద్దంల నుంచి ఇంటుండె. నేర్చుకుంటనన్నది. నేర్చుకో అన్న. ఒక మిషన్ మీద కూసోవెట్టిన. లాగిన్ యాడుంది? మీరే కద రూల్ పెట్టిండ్రు, లెక్చరర్లకు, స్టూడెంట్లకు దప్ప ఆఫీసోల్లకు లాగిన్ ఇయ్యొద్దని. నోటీస్ బోర్డుకు అంటిచ్చిండ్రు కూడ. సంతకం చేసి, తేదీ ఏసి."

ఆ నోటీసు ఆయనకు గుర్తుంది. అందులో నాలుగు నిబంధనలు. నాలుగింటిలోనూ ఒక్క అచ్చుతప్పు లేదు.

"అందుకే నాది తెరిచిపెట్టి పోయేదాన్ని. శనివారం ల్యాబ్ ఖాళీ. నేను మొదలువెట్టి ఇడిసిపెట్టినదాన్ని పట్టుకున్నది. మీరు కామెంట్లు అడుగుతరని దానికి ఎరుక. మీ మాటలు ఒక్కటి పోనియ్యలె." స్నేహలత ఆయన వైపు తిరిగింది. "దినాం సాయంత్రం ల్యాబ్ తాళాలు మీ చేతికిచ్చేది ఎవరనుకున్నరు?"

సారంగపాణి జ్ఞాపకాల్లో వెతికాడు. ల్యాబులో ఇరవై నాలుగు మిషన్లు గుర్తున్నాయి, వాటి చిరునామాలతో సహా. మూడో వరసలో కీబోర్డుకు ఏ అక్షరం పోయిందో గుర్తుంది. తాళాల గుత్తి బరువు గుర్తుంది. దాన్ని అందించిన చెయ్యి లీలగా గుర్తుంది. ఆ చేతిపైన మోచేయి, మోచేతిపైన భుజం, భుజంపైన ముఖం ఉండి తీరాలి. అక్కడ ఏమీ లేదు. పన్నెండేళ్లు ఎవరి మాటలతో కాపురం చేశాడో ఆ మనిషి ప్రతి సాయంత్రం అయిదుంబావుకు ఎదుట నిలబడింది. ఆయన తాళాలు లెక్కపెట్టుకున్నాడు.

స్నేహలత అనుమతి పత్రంలో మూడు వందల పన్నెండు అన్నచోట కొట్టేసి నలభై ఒకటి అని రాసి, పక్కన పొట్టి సంతకం చేసి, కింద పూర్తి సంతకం చేసింది. "నా బాకీ తీరింది. మిగిలినయి రెండు వందల డెబ్బై ఒకటి. అవి ఇయ్యాల్నా వద్దా దాని ఇష్టం."

"ఆమె ఇప్పుడు..."

"ఏటూరునాగారం. ఆశ్రమ పాఠశాలల కంప్యూటర్లు చూస్తది. పండుగకు పబ్బానికి ఫోన్ చేస్తది. నాకు దప్ప మీ కాలేజీలెవ్వలకు చెయ్యదు. ఎవ్వలు అడగలె కాబట్టి." ఆయన ఏమీ అనకముందే ఆమె నంబరు నొక్కి, ఫోనును స్పీకరులో పెట్టి బల్ల నడుమ ఉంచింది.

నాలుగు రింగుల తరువాత ఎత్తారు. వెనక స్టీలు పళ్లేల చప్పుడు, పిల్లల గోల.

"లతక్కా, చెప్పు. అన్నాలు వడ్డిస్తాండ్రు, జర జల్ది చెప్పు."

"మానసా, స్పీకర్ల పెట్టిన, పక్కన మనిషున్నడు. నీ సంతకం కోసం వచ్చిండు."

"నా సంతకమా? హాజరు రిజిస్టర్ల దప్ప నా సంతకం ఎవలకు అక్కెరక్కా?"

"సారంగపాణి సారుకు."

పళ్లేల చప్పుడు సన్నగిల్లింది. మానస గదిలోంచి బయటికి నడిచినట్టుంది. ఎక్కడో తలుపు మూసిన శబ్దం వచ్చింది. ఆ తరువాత గాలి, చాలా చెట్లున్న చోటి గాలి.

"ఏ ఫైలు?" అంది. సంతకం దేనికని అడగలేదు.

"శనివారాలది," అంది స్నేహలత. "ఇంకా అదే నడుస్తాందట. ముప్పై బడులల్ల. ఇప్పుడు దాన్ని లోకమంతటికి పంపుతాండట. నువ్వు సరేనంటె."

"నా పేరు పెడ్తడా?"

స్నేహలత సారంగపాణి వైపు చూసింది. ఆయన ముందుకు వంగాడు. "పెడతానమ్మా. రచయితగా. మొదట మీ పేరే ఉంటుంది."

మళ్లీ మాట్లాడినప్పుడు మానస గొంతులో ఆశ్చర్యం గానీ, సంతోషం గానీ లేవు. బరువైన దేన్నో జాగ్రత్తగా కిందికి దించుతున్న మనిషి గొంతు అది.

"సార్, ఒక్కటడుగుత. నేను ఏ మిషన్ కాడ కూసుంటుంటినో మీకు యాదికున్నదా?"

జవాబు ఆయన నాలుక చివర ఉంది. ప్రతి శనివారం మార్పు కిందా వేళతో పాటు మిషన్ నంబరు కూడా నమోదై ఉంది: పదిహేడు. ఆ మాట అంటే చాలు. ఆమె సంతోషిస్తుంది. సంతకం వస్తుంది. పదకొండు రోజుల్లో 'పలకరింపు' తలుపు దాటి లోకంలోకి వెళుతుంది. అనకపోతే ఏమవుతుందో తెలియదు. స్నేహలత ఆయన పెదవులనే చూస్తోంది. బహుశా ఆమెకూ ఆ నంబరు తెలుసు.

"పదిహేడో మిషన్ అని కాగితం చెబుతున్నది," అన్నాడు సారంగపాణి. "నాకు యాది లేదమ్మా. మీరు కూర్చోవడం నేను చూడలేదు. మీ ముఖం కూడా నాకు గుర్తు రావడం లేదు. మీరు రాసిన ప్రతి మాటా కంఠతా వచ్చు. మిమ్మల్ని చూడలేదు."

గాలి వినిపిస్తోంది. స్నేహలత ఫోను తెర వైపు చూసింది, కాల్ ఉందా పోయిందా అన్నట్టు. ఉంది.

"అబద్ధం చెప్తరనుకున్న సార్," అంది మానస. మొదటిసారిగా ఆ గొంతులో సన్నగా నవ్వు కదిలింది, కానీ అది మెత్తటి నవ్వు కాదు. "చెప్పి ఉంటె ఈపాటికి కాయితం పోస్టుల పంపుతనంటుంటి. ఇప్పుడు పంప. రేపు పొద్దుగాల ఏటూరునాగారం బస్సెక్కుండ్రి. పదకొండింటికల్ల బస్టాండ్ల ఉంట. రేపు వారపు అంగడి, ఆడోల్లం మస్తుమందిమి ఉంటం. నేను చెయ్యెత్త, పిలువ. మీరే పోల్చుకొని రావాలె."

"మానసా," అంది స్నేహలత, "ఏం పరీక్షనే ఇది, పాపం పెద్దమనిషి."

"తొమ్మిది నెలలు దినాం ఎదురుంగ నిలబడ్డనక్కా. ఒక్క పొద్దు ఆయన నిలబడనియ్యి." మళ్లీ ఆయనతో: "తప్పి ఇంకొకామె కాడికి పోతె, నేను అట్లనే బడికి వాపస్ పోత సార్. ఆ పంక్తులు మీరే మల్ల రాసుకోండ్రి. రెండు రోజుల పనే గద."

ఫోను ఆగిపోయింది.

బయట హమాలీల నవ్వులు, కాంటా చప్పుడు యథాప్రకారం సాగుతున్నాయి. సారంగపాణి సంతకమైన పత్రాన్ని ఫైలులో పెట్టి, దాని అంచులు సరిచేసి, దాన్ని మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు.

"మేడం," అన్నాడు, తల ఎత్తకుండా. "ఆమె ఫోటో ఏమైనా మీ దగ్గర ఉందా?"

స్నేహలత బల్ల మీది ఫోను అందుకుంది. వేలితో తెరను ఒకసారి పైకి జరిపింది. ఒకచోట ఆగి, కాసేపు చూసింది. ఆమె కళ్లలోకి ఒక చిన్న వెలుగు వచ్చింది. తరువాత ఫోనును బోర్లించి, దాని మీద అరచెయ్యి పెట్టింది.

"ఉన్నది సార్," అంది. "చూపియ్య."